క్వాన్‌ఝౌ స్తంభం మీద నరసింహుడు: గొప్ప ఎవరిది?

చైనాలోని ఒక బౌద్ధ విహారంలో, ప్రధాన మందిరం వెనక వసారాలో, ఒక రాతి స్తంభం మీద నరసింహస్వామి హిరణ్యకశిపుడి కడుపు చీలుస్తూ కనిపిస్తాడు. ఆ ఫోటో మన వాట్సాప్ గ్రూపుల్లో తరచుగా తిరుగుతూనే ఉంటుంది. మన సంస్కృతి ఒకప్పుడు చైనాను కూడా ఏలిందన్న అర్థం వచ్చే మాట ఒకటి దాని కింద తప్పకుండా ఉంటుంది. ఫోటో నిజమైనదే. ఆ విహారం పేరు కైయువాన్, అది ఫుజియాన్ రాష్ట్రంలోని క్వాన్‌ఝౌ నగరంలో ఉంది. కింద రాసే మాట మాత్రం నిజం కాదు, పైగా ఆ శిల్పం చెప్పగలిగిన అసలు సంగతిని అది వినబడనివ్వదు. క్వాన్‌ఝౌలో మన దేవుళ్ళు కనిపించడం మనవాళ్ళ ఏలుబడికి గుర్తు కాదు. ముక్కూ మొహం తెలియని పరాయి వర్తకుణ్ణి రానిచ్చి, అతని ప్రాణానికీ సరుకుకీ పూచీపడి, అతని దేవుడికి కూడా జాగా ఇచ్చిన ఒక రేవు పట్టణపు పెద్దమనసుకి గుర్తు. ఈ మాట పుస్తకాలు చదివి కూడా చెప్పవచ్చు. కానీ ముందుగా ఏ ఏర్పాటూ లేకుండా, ఒంటరిగా, దొరికిన కొద్దిపాటి తీరికలో ఆ ఊరు తిరగడం వల్ల నాకది మరింత తేటగా కనిపించింది కనుక, ఆ ప్రయాణాన్ని ఆసరా చేసుకునే నా వాదన చెబుతాను.

నాది గ్రానైటు వ్యాపారం. చీమకుర్తి గెలాక్సీ గురించి తెలియని ఒంగోలు మనిషి ఉండడు. నల్లటి రాతి నిండా బంగారు రవ్వలు మెరిసే ఆ బ్లాకులు కృష్ణపట్నం, చెన్నై రేవుల్లో ఓడలెక్కి పెద్ద మొత్తంలో చైనాకు వెళ్తాయి. వాటిని పలకలుగా కోసి పాలిష్ పట్టే ముఖ్య కేంద్రాల్లో షుయ్‌తౌ ఒకటి. షియామెన్‌లో ఏటా జరిగే రాతి ప్రదర్శనకు వెళ్ళే మావాళ్ళు చాలామంది అక్కడికీ ఒకసారి వెళ్ళి వస్తారు. ఆ షుయ్‌తౌ క్వాన్‌ఝౌ నగర పరిధిలోనిదే అయినా, పాత నగరం దాకా వెళ్ళేవాళ్ళు అరుదు. పని అయ్యాక గ్వాంగ్‌ఝౌ వెళ్ళి సామాను కొనుక్కుని విమానం ఎక్కడమే రివాజు. ఒక ప్రయాణంలో కొనుగోలుదారుతో కూర్చోవలసిన రోజు వెనక్కి జరిగింది. హోటల్ గదిలో ఊరికే కూర్చోవడం ఇష్టం లేక, భుజాన సంచీ వేసుకుని రైలెక్కాను. షియామెన్ నుంచి క్వాన్‌ఝౌకు వేగం రైలులో సుమారు అరగంట.

ఏర్పాట్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వీసా చేతిలో ఉన్నవాడికి రైలు టికెట్టు పాస్‌పోర్టు మీదే వస్తుంది. మన బ్యాంకు కార్డును ఆలీపే అనే చెల్లింపుల యాప్‌కు తగిలించుకుంటే బండి మీద పండ్లు అమ్మే మనిషికి కూడా ఫోనుతోనే డబ్బు చెల్లించవచ్చు. గూగుల్ పటం అక్కడ పనికిరాదు కాబట్టి వాళ్ళ పటాల యాప్ ఒకటి, అనువాదం చేసే యాప్ ఒకటి ముందే దింపుకోవాలి. పాత నగరంలో తెల్లటి చిన్న ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతుంటాయి, అవి ఎక్కినా సరే, కాళ్ళను నమ్ముకున్నా సరే. చూడవలసినవన్నీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి.

భారతీయుల కోసం తయారైన కార్యక్రమంతో వెళ్తే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. కారు సరాసరి కైయువాన్ విహారం ముందు ఆగుతుంది, మందిరం వెనక్కి తీసుకువెళ్ళి నరసింహుణ్ణీ కృష్ణుణ్ణీ చూపిస్తారు, ఫోటోలు తీసుకోగానే భోజనానికి తీసుకువెళ్తారు. మనం చూడాలనుకున్నది మనకు కనిపిస్తుంది. దాని చుట్టూ ఉన్న ఊరు కనిపించదు. పక్కన ఎవరెవరి దేవుళ్ళు ఉన్నారో తెలియకుండా మన దేవుణ్ణి మాత్రమే చూసినవాడు ఇది మన ఊరే అనుకోవడంలో వింత లేదు. ఏ జాబితా లేకుండా బస దిగి నడక మొదలుపెట్టిన నాకు మొదట ఎదురైనవి మనవి కాని ఆనవాళ్ళు. అలా జరగడమే మంచిదైంది.

నేను నడిచింది తూమెన్ వీధి. ఆ ఒక్క వీధి వెంట మసీదు, దాని పక్కనే సాంబ్రాణి కడ్డీల పొగ కమ్ముకుని జనంతో కిటకిటలాడే గువాన్ దేవుడి గుడి, నడిచి వెళ్ళేంత దూరంలోనే కన్ఫ్యూషియస్ ఆలయం ఉన్నాయి. మసీదు పేరు చింగ్‌జింగ్. అక్కడి అరబ్బీ శాసనం ప్రకారం దాన్ని హిజ్రీ 400లో, అంటే క్రీ.శ. 1009లో కట్టారు; షిరాజ్ నుంచి వచ్చిన అహ్మద్ అనే మనిషి 1310 ప్రాంతంలో మరమ్మతు చేయించాడు. ప్రార్థన మందిరానికి ఇప్పుడు కప్పు లేదు, గోడలే నిలిచి ఉన్నాయి. వాటి మధ్య నిలబడితే మీద ఆకాశం. రాతి పనివాడి కన్నుతో చూస్తే ఆ ముఖద్వారం దగ్గరే చాలాసేపు ఆగిపోతాం. కోసుగా లేచిన తోరణాలు ఒకదాని లోపల ఒకటిగా ఉంటాయి, రాళ్ళ అతుకులు వేలితో తడిమితే తప్ప దొరకవు. ఆ ఆకారం పశ్చిమాసియాది, ఆ చెక్కుడు మాత్రం ఫుజియాన్ చేతిది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపింది అక్కడున్న మరో రాయి. 1407లో మింగ్ చక్రవర్తి యోంగ్‌లె ఇచ్చిన ఆజ్ఞను దాని మీద చెక్కారు. అధికారులు గాని సైనికులు గాని ప్రజలు గాని ఈ ముస్లింలను వేధించకూడదు, అవమానించకూడదు, అలా చేసినవారికి శిక్ష తప్పదు అని ఆ ఆజ్ఞ సారాంశం. ఒక రాజు పరాయి మతం వాడికి రాతి మీద రాసి ఇచ్చిన హామీ అది. ఫోను తెర మీద ఆ అనువాదం చదువుతున్నప్పుడు నాకు తట్టింది మా జిల్లా వైపే ఉన్న మరో రాయి. దాని దగ్గరికి తరవాత వస్తాను.

కైయువాన్ విహారం 686లో మొదలైంది. ఆవరణలోకి అడుగుపెడితే రెండు పక్కలా రెండు రాతి గోపురాలు కనిపిస్తాయి. పడమటిది 1228లో మొదలై 1237లో పూర్తయింది, తూర్పుది 1238లో మొదలై 1250లో పూర్తయింది. రెండూ ఐదేసి అంతస్తులవి, తూర్పు గోపురం ఎత్తు 48 మీటర్ల పైచిలుకు. చెక్కతో కట్టే కట్టడపు తీరు మొత్తాన్ని, దూలాలు, మొనలు తిరిగిన చూరులతో సహా, రాతిలో దింపారు. 1604లో ఆ తీరాన్ని కుదిపేసిన మహా భూకంపాన్ని ఈ రెండూ తట్టుకున్నాయి. క్రేనూ డైమండ్ వైరూ లేనిదే బ్లాకు కదలని వృత్తిలో ఉన్న నేను, ఆ రాళ్ళను అంత ఎత్తుకు చేర్చిన వాళ్ళకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

పడమటి గోపురం మీద కోతి ముఖంతో, కత్తి పట్టుకుని నిలబడ్డ యోధుడి శిల్పం ఒకటి ఉంది. చైనా కథల్లోని వానర వీరుడికి అది తొలి రూపమని కొందరు, దాని వెనక మన హనుమంతుడున్నాడని మరికొందరు పండితులు అంటారు. అది ఇంకా తేలని చర్చ. మనవాళ్ళు చేసిన వీడియోల్లో మాత్రం ఆ చర్చ ఎప్పుడో ముగిసిపోయింది, అక్కడున్నది హనుమంతుడే. తెలిసినదాన్ని తెలిసినంత మేరకే చెప్పడం మన దేవుళ్ళకు తక్కువ చేయడమెలా అవుతుందో నాకు అర్థం కాదు.

విహారం ఆవరణలోనే 1974లో హౌజూ రేవు బురదలోంచి తవ్వి తీసిన ఓడను భద్రపరిచారు. 13వ శతాబ్దం చివర మునిగిన ఓడ అది. మిగిలిన భాగం పొడవు 24 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. అడుగు భాగాన్ని అడ్డుగోడలతో 13 గదులుగా విడదీశారు, ఒక గదిలోకి నీళ్ళు వచ్చినా మిగతావి ఓడను తేల్చి ఉంచడానికి. ఓడలో దొరికిన సరుకులో సువాసన చెక్కలు టన్నులకొద్దీ ఉన్నాయి, వాటితో పాటు మిరియాలు, వక్కలు, గవ్వలు, సాంబ్రాణి, తాబేటి చిప్పలు ఉన్నాయి. ఆ నల్లబడిన పలకల ముందు నిలబడినప్పుడు నాకు వచ్చిన ఆలోచన వ్యాపారిది. ఈ సరుకు ఎవరో అప్పు తెచ్చి కొన్నదై ఉంటుంది. గాలి అనుకూలించే నెలల కోసం ఎదురు చూసి, తుపానులకు భయపడుతూ, చివరికి ఒక పరాయి తీరానికి చేరినప్పుడు అక్కడి అధికారి తన సరుకులో ఎంత తీసుకుంటాడో, ఎంత మిగులుస్తాడో అన్నదే ఆ మనిషి గుండెల్లో ఉండే ప్రశ్న. ఈ రోజుల్లో లెటర్ ఆఫ్ క్రెడిట్ పేరుతో బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ ఉంది, బీమా ఉంది. అయినా ఓడ బయలుదేరిన రోజు నుంచి డబ్బు చేతికందే దాకా మాకు సరిగ్గా నిద్ర పట్టదు. ఏ కాగితమూ లేని కాలంలో ఆ ప్రశ్నకు జవాబు ఇచ్చినవాడి మాట ఒక్కటే దిక్కు.

క్వాన్‌ఝౌ ఆ జవాబు ఇవ్వగలిగింది కాబట్టే అంత ఎదిగింది. అక్కడ 1087లో సముద్ర వర్తకాన్ని చూసే ప్రభుత్వ కార్యాలయం ఏర్పడింది. వచ్చిన ఓడల సరుకు లెక్క కట్టడం, పన్ను తీసుకోవడం, విదేశీ వర్తకుల వ్యవహారాలు చూడటం దాని పని. 13వ శతాబ్దంలో ఆ పదవిలో కూర్చున్న పు షౌగెంగ్ స్వయంగా విదేశీ మూలాలున్న ముస్లిం వర్తకుల ఇంటివాడు. జైతూన్ అని పిలిచే ఈ రేవు గురించి మార్కో పోలో వృత్తాంతంలో, అలెగ్జాండ్రియాకు ఒక ఓడ మిరియాలు వెళ్తే ఇక్కడికి వంద ఓడలు వస్తాయని ఉంటుంది. లెక్క ఎలా ఉన్నా, ఆ కాలపు నావికుల కళ్ళలో ఆ రేవు స్థాయి ఏమిటో తెలుస్తుంది.

ఇంతా చూశాక మందిరం వెనక్కి వెళ్ళాను. వెనక వసారాలో మధ్యన రెండు స్తంభాలు మిగతావాటికంటే వేరుగా కనిపిస్తాయి. ఒక్కొక్కటి పదహారు పలకలుగా చెక్కినది, నున్నని ముదురు రాయి. మధ్యమధ్య వలయాల్లో బొమ్మలున్నాయి. ఒకచోట నరసింహుడు, ఒకచోట మద్ది చెట్ల మధ్య బాలకృష్ణుడు, ఒకచోట మొసలి పట్టిన ఏనుగును కాపాడటానికి వచ్చిన విష్ణువు. గజేంద్ర మోక్షం పద్యాలు నోటికి నేర్పించిన ఇళ్ళలో పెరిగిన మనకు ఆ బొమ్మ ఎదురుగా కదలకుండా నిలబడటం సహజం. నేనూ చేతులు జోడించాను. తరవాత మోకాళ్ళ మీద కూర్చుని రాయిని దగ్గరగా చూశాను. ఉలి పట్టిన తీరు మన తీరం వైపు శిల్పులది కాదు. నా కంటికి సింహం ముఖం అహోబిలంలో చూసిన ముఖంలా లేదు. ఆ ఊళ్ళో గుడి గుమ్మాలకు అటూ ఇటూ కూర్చునే సింహాల పోలికే అందులో ఎక్కువ. కథ చెప్పినవాడు దక్షిణాది వాడు, చెక్కినవాడు క్వాన్‌ఝౌ వాడు అని పరిశోధకులు అనేది ఇందుకే. వెనక్కి తిరిగి మందిరం ముందు వైపు అరుగు దగ్గరికి వస్తే, అరుగు పీఠం చుట్టూ సింహాలు, మనిషి ముఖమున్న సింహాలు వరుస కట్టి ఉంటాయి. ఆ స్తంభాల్లాగే అవీ ఈ ఊళ్ళో ఒకప్పుడుండి శిథిలమైపోయిన హిందూ ఆలయం నుంచి వచ్చినవే. మింగ్ కాలంలో ఈ విహారాన్ని బాగుచేసినప్పుడు ఆ రాళ్ళను పారేయకుండా తెచ్చి ఇక్కడ పొదిగారు.

నేనక్కడ ఉన్నంతసేపూ జనం వస్తూ పోతూనే ఉన్నారు. ఒక ముసలావిడ మనవరాలిని చంకనెత్తుకుని బాలకృష్ణుడి బొమ్మను వేలితో చూపించి ఏదో చెప్పింది. ఆవిడ చెప్పింది మన కథ అయి ఉండదు. ఆ పిల్ల మాత్రం చేయి చాచి రాతి పిల్లవాడి కాలు పట్టుకుంది.

1281 నాటి తమిళ శాసనం సంగతి ఇక్కడ చెప్పాలి. క్వాన్‌ఝౌలో 1956లో దొరికిన ఆ రాయి మీద తమిళంలో రాసి, చివర ఒక వరుస చైనా లిపిలో చెక్కారు. శక సంవత్సరం 1203 చిత్తిరై నెలలో సంబంధ పెరుమాళ్ అనే అతను చెకచై ఖాన్ ఆరోగ్యం కోసం, ఆ ఖాన్ అనుమతితో, తిరుక్కదలీశ్వరం స్వామిని ప్రతిష్ఠ చేయించాడన్నది దాని సారం. ఆ ఖాన్ అప్పుడు చైనాను ఏలుతున్న మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఈ ఒక్క వాక్యం వాట్సాప్ మాటలన్నిటికీ సమాధానం. గుడి కట్టినవాడు ఏలికగా వచ్చినవాడు కాదు. అనుమతి అడిగి, దొరికిన అనుమతికి బదులుగా ఆ దేశపు రాజు చల్లగా ఉండాలని తన దేవుణ్ణి వేడుకున్నవాడు. ఆ మనిషిని జయించినవాడుగా చిత్రించడం అతన్ని గౌరవించడం కాదు. అతను చేసిన పని అంతకంటే కష్టమైనది. భాష రాని ఊళ్ళో నమ్మకం సంపాదించుకుని, పదిమందిని కూడగట్టి, స్థానిక శిల్పులకు తన కథలు చెప్పి ఒప్పించి చెక్కించి ఉంటాడు.

ఆ శాసనం తమిళం కదా, ఆ వర్తకులు తమిళులు కదా, మధ్యలో తెలుగువాళ్ళకేం సంబంధం అని అడిగేవాళ్ళు ఉంటారు. సరైన ప్రశ్న. క్వాన్‌ఝౌ మ్యూజియంలో ఏనుగు లింగానికి పువ్వు సమర్పిస్తున్న రాతిపలక ఒకటి ఉంది; చూడగానే మనకు శ్రీకాళహస్తి గుర్తుకు వస్తుంది, కానీ కావేరి ఒడ్డున జంబుకేశ్వరంలోనూ ఏనుగు కథ ఉంది, తమిళ వర్తకులకు గుర్తుకొచ్చేది అదే. దాన్ని మనదిగా రాయించుకోవాలన్న కోరిక నాకు లేదు. తెలుగువాళ్ళకు క్వాన్‌ఝౌతో ఉన్న చుట్టరికం దేవుడి బొమ్మలో లేదు. మోటుపల్లిలో ఉన్న రాతిలో ఉంది.

మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఒక చిన్న ఊరు. అక్కడి వీరభద్రస్వామి గుడి మండప స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఉంది. పూర్వపు రాజులు తుపానుకు దెబ్బతిని తీరానికి కొట్టుకొచ్చిన ఓడల్లోని ధనాన్నీ ఏనుగులనూ గుర్రాలనూ రత్నాలనూ బలవంతంగా లాక్కునేవారనీ, ప్రాణం కంటే ధనమే ఎక్కువని సముద్రానికి తెగించి వచ్చిన వాళ్ళ మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం తాను నియమిత సుంకం తప్ప మరేమీ తీసుకోననీ రాజు అందులో మాట ఇచ్చాడు. సుంకం ముప్పయ్యో వంతు. ఆ తరవాత సరుకుల పట్టీ వస్తుంది: చందనం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టుదారం, పగడాలు, మిరియాలు, వక్కలు. క్వాన్‌ఝౌ ఓడలో దొరికిన మిరియాలూ వక్కలూ ఈ పట్టీలోనూ ఉన్నాయి, చీనా కర్పూరమైతే ఆ దిక్కు నుంచి రావలసిందే. ఈ శాసనం వేసిన ఏడాది క్వాన్‌ఝౌలో తూర్పు గోపురం సగంలో ఉంది. మార్కో పోలో వృత్తాంతంలో జైతూన్ ఉన్నట్టే ముట్ఫిలి పేరుతో మోటుపల్లి కూడా ఉంది. న్యాయంగా పాలిస్తున్న రాణి, వజ్రాలు, సాలెగూడు దారమంత సన్నని బట్ట అన్నీ అందులో వస్తాయి. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు.

రెండు రేవులూ పరాయివాడికి ఒకే భరోసా ఇచ్చాయి. నేను గర్వపడేది ఏదైనా ఉంటే ఆ స్తంభం మీద తెలుగు రాజు ఇచ్చిన మాటను చూసే. ఎవరి దేశంలోనో మన దేవుడు ఉండటంలో మనం చేసినది కొంతే, వాళ్ళు చేసినది ఎక్కువ. మన రేవుకు కొట్టుకొచ్చిన ఎవరి ఓడనో లూటీ చేయకుండా వదిలిపెట్టింది మాత్రం పూర్తిగా మన పూర్వులే. అయినా ఆ మొదటిదాని ఫోటో లక్షల ఫోన్లలో తిరుగుతుంది, రెండోదాన్ని మా జిల్లా పిల్లల్లో చూసినవాళ్ళు చాలా తక్కువ.

ఈ భరోసా ఎప్పటికీ నిలిచేది కాదు, అది కూడా క్వాన్‌ఝౌ చెబుతుంది. 1276లో మంగోలు సేనలు దక్షిణానికి దిగినప్పుడు పు షౌగెంగ్ నగరాన్ని వాళ్ళకు అప్పగించాడు, అప్పటిదాకా ఏలిన సోంగ్ రాజవంశీకుల్లో ఊళ్ళో ఉన్నవారిని ఊచకోత కోయించాడు. యువాన్ వంశపు, అంటే మంగోలుల పాలన సడలిన కాలంలో, 1357లో, అక్కడి పర్షియన్ సేన తిరుగుబాటు చేసి దాదాపు పదేళ్ళు ఊరిని గుప్పిట్లో పెట్టుకుంది. దాన్ని అణచినప్పుడు విదేశీయులు ఎందరో బలైపోయారు. ఆ తరవాత మింగ్ చక్రవర్తులు ప్రైవేటు సముద్ర వర్తకాన్ని నిషేధించారు, రేవు వెలవెలబోయింది. మ్యూజియంలో వరుసలుగా నిలబెట్టిన సమాధి రాళ్ళు, అరబ్బీ రాసినవి, పశ్చిమాసియా క్రైస్తవుల సిరియాక్ భాషలో రాసినవి, శిలువ కింద తామరపువ్వు చెక్కినవి, ఆ తరవాతి కాలంలో కోటగోడల్లో, ఇళ్ళ పునాదుల్లో కలిసిపోయి మళ్ళీ బయటపడినవే చాలావరకు. ఇక్కడ మనం గమనించవలసిన తేదీ ఒకటుంది. క్వాన్‌ఝౌలో తిరుగుబాటు మొదలైన మరుసటి ఏడాది, 1358లో, కొండవీటి అనవోతారెడ్డి మోటుపల్లిలో వర్తకులకు రక్షణ ఇస్తూ మళ్ళీ శాసనం వేయించాడు. ఒక ఒడ్డున మాట తప్పిపోతున్న రోజుల్లో మరో ఒడ్డున ఎవరో దాన్ని మళ్ళీ రాతికెక్కించారు. ఇది యాదృచ్ఛికమే, కారణ కార్య సంబంధం ఏదీ అంటగట్టను. కానీ ఈ హామీలు వాటంతటవి నిలవవనీ, ప్రతి తరం రాజూ ప్రజా మళ్ళీ కొత్తగా ఇచ్చుకోవలసినవేననీ ఆ రెండు తేదీలు పక్కపక్కన పెట్టినప్పుడు నాకు అనిపించింది.

క్వాన్‌ఝౌ పరిసరాల్లో జిన్‌జియాంగ్ వైపు సావోఆన్ అనే చిన్న గుడి ఉంది. పర్షియాలో మానీ ప్రవక్త స్థాపించిన మతం ప్రపంచమంతటా అంతరించిపోయినా, 1339లో చెక్కిన ఆయన రాతి విగ్రహం అక్కడ వెలుగుల బుద్ధుడిగా ఇప్పటికీ పూజలందుకుంటోంది. అదే ప్రాంతంలో చేదియాన్ అనే పల్లెలో నాలుగు చేతుల దేవత శిల్పం ఒకటి ఉంది, హిందూ గుడిది. ఊరివాళ్ళు ఆమెను గువాన్‌యిన్ అనే బౌద్ధ కరుణాదేవతగా కొలుస్తారు. మన దేవతను వాళ్ళు పేరు మార్చుకున్నారని ఎవరైనా బాధపడితే నేను ఒప్పుకోను. గుడి పోయింది, తెచ్చినవాళ్ళు పోయారు, కథ తెలిసినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు, అయినా ఆ రాయికి శతాబ్దాల తరవాత కూడా రోజూ దీపం పెడుతున్నది ఆ ఊరివాళ్ళు.

ఇంత తక్కువ వ్యవధిలో ఒక ఊరిని చూసి ఇంత పెద్ద మాటలు చెప్పవచ్చా అన్న అభ్యంతరం న్యాయమైనదే. యునెస్కో 2021లో క్వాన్‌ఝౌలో 22 స్థలాలను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. నేను చూసినవి వాటిలో కొన్నే. సమగ్రంగా తెలుసుకోవాలంటే ఏళ్ళు కావాలి. అయితే ఈ ఊరి విషయంలో వాదన నిలబడేది ఎన్ని చూశామన్నదాని మీద కాదు, ఏ వరుసలో, ఏ పక్కన ఏముందో గమనిస్తూ చూశామా అన్నదాని మీద. ప్రణాళిక లేకుండా నడిచేవాడికి ఎదురైనవన్నీ సమానమే. మసీదు గోడ దగ్గర ఎంతసేపైనా నిలబడవచ్చు, నచ్చినచోట టీ తాగి మాట్లాడవచ్చు. పడమటి వీధిలో నాకు టీ పోసిన కొట్టు యజమాని నేను రాయి అమ్ముతానని తెలిశాక లేచి లోపలికి వెళ్ళి ఒక చిన్న పలక ముక్క తెచ్చాడు. మన గెలాక్సీ. వాళ్ళు దాన్ని హేయ్‌జిన్‌షా అంటారు. ఆయన బావమరిది షుయ్‌తౌలో కోత మిల్లులో పనిచేస్తాడట, ఆ ముక్క మీదే ఆయన టీ కుండ పెట్టుకుంటాడు. ఇండియా రాయి అని ఆయనకు తెలుసు, ఇండియాలో ఎక్కడిదో తెలియదు. ఫోనులో చీమకుర్తి గుంతల ఫోటోలు చూపించాను. అంత లోతు నుంచి తీస్తారా అని ఆశ్చర్యపోయి, ఇంకో కప్పు పోశాడు, డబ్బు తీసుకోనన్నాడు.

చివరి పూట లువోయాంగ్ వంతెన మీద గడిపాను. ఊరికి ఈశాన్యంగా, నది సముద్రంలో కలిసేచోట, సాయ్ షియాంగ్ అనే అధికారి పర్యవేక్షణలో 1053లో మొదలుపెట్టి 1059లో పూర్తిచేసిన రాతి వంతెన అది. పోటు, పాటుల ఉద్ధృతికి పునాది నిలవని చోట ముందు నది అడుగున రాళ్ళు పోసి వెడల్పుగా దిమ్మ లేపారు, దాని మీద పడవ ముక్కులా మొన తేలిన స్తంభాలు కట్టారు, రాళ్ళ సందుల్లో ఆల్చిప్పలను పెంచి అవి అతుక్కుని గట్టిపడేలా చేశారు. దూలాలుగా వేసిన రాళ్ళను పోటు నీటి మీద తేలించి స్తంభాల మీదికి చేర్చారని చెబుతారు. పాటు సమయంలో కిందికి చూస్తే ఆల్చిప్పలు రాయిని పట్టుకుని ఇప్పటికీ కనిపిస్తాయి. వాటి మధ్య గంపలు పట్టుకుని ఆడవాళ్ళు పని చేసుకుంటున్నారు. మోటుపల్లి ఒడ్డున ఇలాంటి కట్టడం ఏదీ మిగల్లేదు, శాసనాలున్న గుళ్ళు మాత్రం మిగిలాయి. వాటినైనా వచ్చినవాళ్ళు చదువుకునేలా ఉంచుకోవడం మన పని.

అందుకని మా వ్యాపారంలో ఉన్నవాళ్ళకు నేను అడిగేది రెండు సంగతులు. షియామెన్ వెళ్ళినప్పుడు ఒక పూట మిగిలితే గ్వాంగ్‌ఝౌ బజారుకు బదులు క్వాన్‌ఝౌ రైలెక్కండి; మందిరం వెనక ఉన్న స్తంభాల కంటే ముందు తూమెన్ వీధి మసీదులో ఆ 1407 నాటి రాయిని చూడండి. అక్కణ్ణుంచి బ్లాకులకు మార్కింగ్ వేసుకోవడానికి మన క్వారీలకు వచ్చే కొనుగోలుదారులను చీమకుర్తి, ఒంగోలు హోటల్, చెన్నై విమానాశ్రయం దగ్గరే ఆపేయకుండా ఒక సాయంత్రం మోటుపల్లి తీసుకువెళ్ళండి. ఒంగోలు నుంచి గంట ప్రయాణం. శాసనంలోని మాటలను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చైనా భాషలోనూ చెక్కించిన ఒక పలకను స్తంభం పక్కన నిలబెట్టడానికి కావలసిన రాయి మన దగ్గరే ఉంది, చెక్కేవాళ్ళూ ఉన్నారు. పురావస్తు శాఖ అనుమతి కోసం అర్జీ రాయడం మొదలుపెట్టాను. సంతకాలు చేసేవాళ్ళు ముందుకు రావాలి.